పండుకున్నోళ్ల లెక్క

కోడ్ అంటే నాకెరుకైంది కోడె ఒక్కటే.
వేములాడల మా నాయిన నా చేతికి పలుపిచ్చి
గుడి సుట్టు తిరుగుమన్నడు.
అది నన్ను గుంజిందా, నేను దాన్ని గుంజిన్నా
ఇప్పటికి తెల్వదు.

ముసఫ్ఫాల మా రూము పదిహేడో నంబరు.
నాలుగు రెండంతస్తుల మంచాలు,
ఎనిమిది మందిమి, మూడు డ్యూటీలు.
ఎప్పుడు సూసినా ఎవడో ఒకడు నిద్ర మొదట్ల ఉంటడు,
ఎవడో ఒకడు బూట్లు ఇడుస్తుంటడు.
లైటేస్తే తిట్టు.
వెయ్యకుంటే మోకాలికి మంచం కోడు.
ఇంకో కోడు గదే, దెబ్బతోని నేర్చుకున్నది.

రంజాన్ నెలల
సింహాద్రి, సిక్కోలు వెల్డరు,
రాత్రంత మంట ముంగట కూసోని వచ్చి
కన్ను మూసిన పావుగంటకు
నేను బియ్యం డబ్బ మూత జారిడిసిన.
లేచి కూసున్నడు. నా దిక్కు సూసిండు. ఏమనలే.
గా ఏమనకపోవుడే నన్ను తిన్నది.

ఆ రాత్రి బట్టలారేసిన తీగల కింద నిలబడి
ఫోన్ల ఏఐకి చెప్పుకున్న:
"తమ్మీ, నేను ఏడు ఫెయిలు.
తలుపు బయట నిలబడి సూస్తే
లోపల ఎవలు పండుకున్నరో తెల్వాలె. గంతే."

నా యాసను సగం సగం పట్టుకున్నది.
పండుకునుడంటే పండు అనుకొని
ఎనిమిది మామిడిపండ్లు గీసి ముంగట పెట్టింది.
తడి లుంగీల నడుమ ఒక్కణ్నే నవ్విన.
"నిద్ర తమ్మీ, నిద్ర."
క్షమించమని మళ్ల గీసింది.

స్కాఫోల్డింగు పని నాది.
పైపుకు పైపు, క్లాంపుకు క్లాంపు.
బిల్డింగు లేచినంక మాదంత ఇప్పుకొని పోతం,
రిబ్బను కోసే రోజు మా జాడ ఉండది.
గట్లాంటోన్ని తొమ్మిది రాత్రుల్ల ఒకటి కట్టిన,
ఎవలూ ఇప్పుమననిది.

మొఫిజుల్‌కు తెలుగు రాదు, ఓదెలుకు సదువే రాదు.
అందుకని పేర్లు తీసేసి బొమ్మలు పెట్టిన.
ఓదెలుకు తాటిచెట్టు, మొఫిజుల్‌కు పడవ,
తేజ్ బహదూర్ కేతిలి కావాలన్నడు,
సింహాద్రి వాళ్లూరి చెరువుకాడికొచ్చే పెద్దముక్కు కొంగ.
నాకు కోడె.
పండుకుంటే నీలం, మేల్కుంటే పచ్చ.

అంత అయినంక అది పుస్తకాల తెలుగుల అడిగింది:
"ఎనిమిది మందీ మెలకువగా ఉన్నప్పుడు
తెర మీద ఏం చూపించమంటారు?"
వేళ్ల మీద లెక్కవెట్టిన.
నాలుగేండ్లల్ల గట్లాంటి గడియ ఒక్కటి యాదికి రాలే.
"ఖాళీ ఉంచు" అన్న.

ఆగస్టుల ఒక ఆయితారం రాత్రి, ఎవలికీ డ్యూటీ లేని రాత్రి,
ఏసీ ఒక్క దగ్గు దగ్గి సచ్చింది.
రూమంత ఉడికిన ఇడ్లీ గిన్నె.
ఒక్కొక్కలు దుప్పటి సంకల పెట్టుకొని వరండలకు.
అలవాటు మీద ఎవని ఫోను వాడు ఒత్తిండు:
మేల్కున్న. మేల్కున్న. మేల్కున్న.
ఎనిమిదోది ఒత్తంగనే బొమ్మలన్ని పోయినయ్,
ఎనిమిది ఫోన్లు తెల్లగ.

"పాడైందిరా నీ మిషను" అన్నడు ఓదెలు.
"పాడు కాలే" అన్న.
అందరి మొఖాలు ఆ తెలుపుల కనవడ్డయ్.
సింహాద్రికి గడ్డంల గింత నెరుపున్నదని
నాకు అప్పుడు తెలిసింది.
మొఫిజుల్ పాట ఎత్తుకున్నడు, సగంల మర్సిపోయిండు,
నవ్విండు, మళ్ల మొదటికెల్లి ఎత్తుకున్నడు.

నాలుగింటికి ఏసీ బతికింది.
పడవ నీలమైంది. కేతిలి నీలమైంది. తాటిచెట్టు.
సివరికి కొంగ, కోడె.

సీకట్ల పై మంచం మీదికెల్లి:
"రేపు వంట ఎవుల్దిరా?"
"నాదే అన్నా.
మూత మెల్లగ పెడత."